సీవనం నుండి సంధానం దాకా: ఫైబ్రిన్ జిగురు చరిత్ర

గాయపు అంచులను కలిపి ఉంచడానికి మనిషి వాడిన సాధనాల్లో సూది, దారం చాలా పాతవి. సుశ్రుత సంహిత శస్త్రకర్మలను ఎనిమిదిగా విభజించి అందులో ఒకదానికి సీవ్యం, అంటే కుట్టడం, అని పేరు పెట్టింది. అదే గ్రంథం కారే రక్తాన్ని నిలపడానికి నాలుగు ఉపాయాలు చెప్పింది: సంధానం, స్కందనం, పాచనం, దహనం. వగరు ద్రవ్యాలతో గాయాన్ని కలపడం సంధానం. చల్లదనంతో రక్తాన్ని గడ్డకట్టించడం స్కందనం. భస్మంతో చేసేది పాచనం. కాల్చి రక్తనాళాలు ముడుచుకునేలా చేయడం దహనం. చిల్లుపడిన పేగు విషయంలో మరొక విచిత్రమైన పద్ధతి కూడా ఆ గ్రంథంలో కనిపిస్తుంది. చిల్లు అంచులను దగ్గరకు చేర్చి, పెద్ద నల్లచీమలచేత కరిపించి, వాటి తలలను మాత్రం అక్కడే ఉంచి పేగును కడుపులోకి తిరిగి పంపాలంటుంది. శరీరం లోపల వేసిన బంధనాన్ని మళ్ళీ బయటకు తీసే పని ఉండకూడదన్న ఆలోచన అంత పాతది.

సూదికి కొన్ని పరిమితులున్నాయి. వేసిన ప్రతి కుట్టూ రెండు కొత్త రంధ్రాలు చేస్తుంది. చర్మం వాటిని ఓర్చుకుంటుంది. కాలేయం ఓర్చుకోదు, దారం బిగిస్తే మెత్తటి కణజాలం తెగి, ఆ రంధ్రాల నుండే కొత్తగా రక్తం ఊరుతుంది. మెదడు పైపొరల మీద, తెగిన నరం కొసల మీద, కంటి ఉపరితలం మీద సూది చేసే మేలుతో పాటు కీడు కూడా ఉంటుంది. అందువల్లనే అతికించే పదార్థం కోసం ఇరవయ్యవ శతాబ్దమంతా అన్వేషణ సాగింది. ఆ పదార్థం తడిలో అతుక్కోవాలి, విషం కాకూడదు, గాయం మానేదాకా నిలవాలి, ఆ తరువాత తనంతట తానే కరిగిపోవాలి. ఈ నాలుగు షరతులనూ ఒకేసారి తీర్చే పదార్థం ఒకటి ప్రతి మనిషి రక్తంలోనూ ఉంది. దాని పేరు ఫైబ్రిన్. దానిని రక్తం నుండి వేరుచేసి మరొకరి గాయం మీద పెట్టవచ్చునన్న ఆలోచన 1909 నాటికే పుట్టింది. ఆ పనిని నిర్భయంగా చేయగలగడానికి మాత్రం దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

రక్తంలో దాగిన తంతువు

పదిహేడవ శతాబ్దంలో ఇటలీకి చెందిన మాల్పీగీ, గడ్డకట్టిన రక్తాన్ని నీటితో కడిగి, ఎరుపు పోయాక మిగిలిన తెల్లని తంతువుల వలను సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ వల దేనితో తయారవుతుందో తేలడానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. పందొమ్మిదవ శతాబ్దం రెండవ సగంలో డోర్పాట్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ ష్మిట్ రక్తాన్ని గడ్డకట్టించే కారకానికి థ్రాంబిన్ అని పేరు పెట్టాడు. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఓలోఫ్ హామర్‌స్టెన్ గుర్రపు రక్తం నుండి ఫైబ్రినోజెన్‌ను శుద్ధంగా వేరుచేశాడు.

ఈ రెండింటి సంబంధాన్ని నేటి పరిజ్ఞానంతో క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఫైబ్రినోజెన్ రక్తద్రవంలో కరిగి ఉండే పెద్ద ప్రోటీన్. థ్రాంబిన్ ఒక ఎంజైము. అది ఫైబ్రినోజెన్ అణువు నుండి చిన్న చిన్న పెప్టైడు ముక్కలను కత్తిరిస్తుంది. అంతవరకు ఒకదానికొకటి దూరంగా ఉన్న అణువులు ఆ కోతతో ఒకదానికొకటి అందుకుని, వరుసకట్టి పోగులవుతాయి, పోగులు అల్లుకుని వల అవుతాయి. అయితే ఆ దశలో వల బలహీనంగానే ఉంటుంది. 1948లో హంగరీ శాస్త్రవేత్తలు లాకి, లోరాండ్ రక్తద్రవంలో మరొక కారకం ఉన్నట్టు చూపించారు. అది లేకుండా ఏర్పడిన గడ్డ గాఢమైన యూరియా ద్రావణంలో కరిగిపోతుంది. అది ఉన్నప్పుడు ఏర్పడిన గడ్డ కరగదు. తరువాతి కాలంలో పదమూడవ కారకంగా పేరుపడిన ఆ ఎంజైము, కాల్షియం సాయంతో ఫైబ్రిన్ పోగులను పక్కపక్కన రసాయన బంధాలతో ముడివేస్తుంది. గాయం మానే క్రమంలో ప్లాస్మిన్ అనే మరో ఎంజైము ఆ వలను కోసి కరిగిస్తుంది. వేయడం, బిగించడం, విప్పడం అన్న మూడు పనులనూ శరీరమే చేసుకునే కుట్టు ఇది.

ఈ కుట్టును శస్త్రచికిత్సలో వాడుకోవచ్చునని 1909లో జర్మనీకి చెందిన బెర్గెల్ ప్రతిపాదించాడు. ఎండబెట్టిన ఫైబ్రిన్ పొడి గాయం మీద చల్లితే రక్తస్రావం తగ్గుతుందని అతడు గమనించాడు. 1915లో గ్రే మెదడు శస్త్రచికిత్సలో ఫైబ్రిన్ ముక్కలను వాడాడు. మరుసటి ఏడు హార్వే పలుచని ఫైబ్రిన్ కాగితాన్ని పరిచయం చేశాడు. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ ఒక లోపం ఉంది. అప్పటికే గట్టిపడిపోయిన ఫైబ్రిన్‌ను గాయం మీద పెడుతున్నారు. అది రక్తాన్ని ఆపుతుంది గాని అతికించదు. అతకడమనేది పోగులు పుట్టే క్షణంలోనే, పుట్టిన చోటనే జరగాలి.

యుద్ధం, రక్తం

ఆ సంగతి గ్రహించినవాళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లో కనిపిస్తారు. 1940లో జె. జెడ్. యంగ్, పీటర్ మెడవార్ తెగిన నరాల కొసలను కుట్టకుండా, గాఢపరచిన రక్తద్రవాన్ని వాటి మీద గడ్డకట్టించి జంతువుల్లో అతికించారు. లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం నుండే ఫైబ్రిన్ జిగురు చరిత్ర మొదలవుతుందని చెప్పాలి. యుద్ధంలో కాళ్ళూ చేతులూ గాయపడిన సైనికుల నరాలను ఎలా కలపాలన్నది అప్పటి అత్యవసర సమస్య. మెడవార్ ఆ వెంటనే కాలిన గాయాలకు చర్మం అతికించే సమస్యలోకి వెళ్ళాడు. గ్లాస్గోలో థామస్ గిబ్సన్‌తో కలిసి, ఒకరి చర్మాన్ని మరొకరి శరీరం ఎందుకు తిరస్కరిస్తుందో పరిశోధించాడు. ఆ దారి అతడిని 1960 నోబెల్ బహుమతి దాకా నడిపించింది. పరాయి చర్మాన్ని శరీరం ఒప్పుకోదు. పరాయి రక్తం నుండి తీసిన జిగురును ఒప్పుకుంటుంది. అయితే ఆ జిగురు వెంట ఇంకేమి లోపలికి వస్తుందన్న ప్రశ్న తరువాతి అర్ధశతాబ్దాన్ని వెంటాడింది.

1944లో అమెరికా నౌకాదళ వైద్యులు క్రాంకైట్, లోజ్నర్, డీవర్ ఫైబ్రినోజెన్, థ్రాంబిన్ రెండింటినీ విడివిడిగా తెచ్చి, చర్మం అతికే చోటనే కలిపారు. నేటికీ వాడుకలో ఉన్న రెండు ద్రావణాల పద్ధతి అదే. అదే ఏడు ఇన్‌గ్రాహం, బెయిలీ మానవ రక్తం నుండి తీసిన ఫైబ్రిన్ నురుగును మెదడు శస్త్రచికిత్సలో రక్తం ఆపడానికి వాడారు. ఈ పదార్థాలు అందుబాటులోకి రావడానికి కారణం హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ నడిపిన పరిశోధన. చల్లని ఆల్కహాలు సాయంతో, ఆమ్లత్వాన్ని మార్చుతూ, రక్తద్రవంలోని ప్రోటీన్లను అంచెలంచెలుగా వేరుచేసే విధానాన్ని అతని బృందం రూపొందించింది. మొదటి అంచెలో ఫైబ్రినోజెన్, అయిదవ అంచెలో ఆల్బుమిన్ దిగేవి. రెడ్ క్రాస్ శిబిరాలలో పౌరులు ఇచ్చిన రక్తం ఈ విధంగా యుద్ధరంగానికి మందు అయి వెళ్ళింది.

ఫలితాలు మాత్రం ఆశించినంతగా లేవు. ద్రావణంలో ఫైబ్రినోజెన్ సాంద్రత తక్కువగా ఉండటంతో అతుకు బలంగా నిలవలేదు. చర్మపు ముక్కలు జారిపోయేవి. యుద్ధం ముగిసేసరికి ఆసక్తి సన్నగిల్లింది.

కామెర్ల నీడ

అసలు దెబ్బ మరొక వైపు నుండి వచ్చింది. కోన్ పద్ధతిలో పెద్ద ఎత్తున మందు తయారుచేయాలంటే ఎందరో దాతల రక్తద్రవాన్ని ఒకే తొట్టిలో కలపాలి. ఆ దాతలలో ఒక్కరికి కాలేయవ్యాధి వైరసు ఉన్నా మొత్తం తొట్టి కలుషితమవుతుంది. మానవ రక్తం నుండి తీసిన పదార్థాలు మోసుకొచ్చే ప్రమాదం ఎంతటిదో 1942లోనే తెలిసింది. మానవ సీరం కలిపి తయారుచేసిన పచ్చజ్వరపు టీకా వల్ల ఆ ఏడు సుమారు 50,000 మంది అమెరికన్ సైనికులు కామెర్లతో మంచం పట్టారు.

ఆల్బుమిన్‌కు ఒక మినహాయింపు దొరికింది. తగిన స్థిరకారకాలు చేర్చి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది గంటలు వేడిచేస్తే వైరసు నశించేది, ఆల్బుమిన్ చెడేది కాదు. ఫైబ్రినోజెన్ ద్రావణం ఆ వేడికి తట్టుకోలేదు; అంతకు ముందే విరిగిపోయేది. ఒకే రక్తం నుండి, ఒకే కర్మాగారంలో తయారైన రెండు మందులలో ఒకటి నిరపాయమైనది, రెండవది ప్రమాదకరమైనది కావడానికి కారణం ఇదే. అయినా ఫైబ్రినోజెన్ సాంద్రద్రావణం మూడు దశాబ్దాల పాటు అమెరికాలో వాడుకలో ఉంది. ప్రసవాలలో విపరీతంగా రక్తం పోయిన స్త్రీలకు దానిని ఎక్కించేవారు. ప్రాణం నిలిచిన స్త్రీకి కొన్ని వారాల తరువాత కామెర్లు సోకడం వైద్యులకు తెలియనిది కాదు. చివరకు 1977లో అమెరికా ఆహార ఔషధ సంస్థ దాని అనుమతులను రద్దు చేసింది.

వియన్నాలో మలుపు

సరిగ్గా ఆ కాలంలోనే ఐరోపాలో కథ వేరే దిశలో నడిచింది. 1972లో వియన్నాలో ముఖ, దవడ శస్త్రవైద్యురాలు హెలెన్ మాత్రాస్ బృందం యంగ్, మెడవార్‌ల పాత ప్రశ్నను మళ్ళీ చేతికెత్తుకుంది. ఈసారి వారి దగ్గర కొత్త పదార్థం ఒకటి ఉంది. 1964లో స్టాన్‌ఫర్డ్‌లో జూడిత్ పూల్, గడ్డకట్టించిన రక్తద్రవాన్ని చల్లగా, నెమ్మదిగా కరిగిస్తే అడుగున కొంత అవక్షేపం మిగులుతుందనీ, అందులో హీమోఫీలియా రోగులకు కావలసిన ఎనిమిదవ కారకం పుష్కలంగా ఉంటుందనీ చూపించింది. అదే అవక్షేపంలో ఫైబ్రినోజెన్ కూడా సమృద్ధిగా ఉంటుంది. మాత్రాస్ బృందం ఆ సాంద్ర ఫైబ్రినోజెన్‌తో జంతువుల నరాలను అతికించింది. మూడేళ్ళకు కుడెర్నాతో కలిసి అదే పద్ధతిని మనుషుల్లోనూ వాడింది.

1944లో విఫలమైనది 1972లో ఫలించడానికి కారణం సాంద్రత. మామూలు రక్తద్రవంలో మిల్లీలీటరుకు 2 నుండి 4 మిల్లీగ్రాముల ఫైబ్రినోజెన్ ఉంటుంది. నేటి జిగురులో అది 70 నుండి 100 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. జంట సిరంజిలో ఒకవైపు ఫైబ్రినోజెన్, పదమూడవ కారకం, అతుకు త్వరగా కరిగిపోకుండా కాపాడే అప్రోటినిన్ ఉంటాయి. రెండవవైపు థ్రాంబిన్, కాల్షియం. సూది కొసన రెండూ కలుస్తాయి. థ్రాంబిన్ పాలు ఎక్కువైతే జిగురు కొన్ని సెకన్లలో బిగుసుకుంటుంది. కాలిన గాయం మీద చర్మాన్ని సర్దుకోవడానికి వ్యవధి కావలసి వస్తే థ్రాంబిన్‌ను బాగా తగ్గించి, బిగుసుకునే కాలాన్ని ఒక నిమిషం దాకా పొడిగిస్తారు. వియన్నాలోని ఇమ్యూనో సంస్థ ఈ జిగురును 1970ల చివర ఐరోపా విపణిలోకి తెచ్చింది.

ఇరవై ఏళ్ళ ఎడం

అట్లాంటిక్‌కు ఒక ఒడ్డున వైద్యులు మందుల దుకాణం నుండి తెప్పించుకుంటున్న పదార్థం రెండవ ఒడ్డున దొరకని పరిస్థితి 1998 దాకా సాగింది. అమెరికాలో శస్త్రవైద్యులు ఊరుకోలేదు. రక్తనిధి నుండి ఒక దాత అవక్షేపాన్ని, విపణిలో దొరికే ఆవు థ్రాంబిన్‌ను తెప్పించుకుని, శస్త్రచికిత్స గదిలోనే జిగురు కలుపుకున్నారు. పెద్ద తొట్టి లేదు కనుక వ్యాధి ప్రమాదం ఒక దాతకే పరిమితమైంది. బదులుగా మరొక ప్రమాదం వచ్చింది. ఆవు థ్రాంబిన్‌లో కలిసి వచ్చే ఆవు ప్రోటీన్ల మీద కొందరి శరీరం ప్రతిరక్షకాలను తయారుచేసింది. ఆ ప్రతిరక్షకాలు మనిషి అయిదవ కారకాన్ని కూడా శత్రువుగా ఎంచి నిర్వీర్యం చేసేవి. రక్తం ఆపడానికి వాడిన పదార్థమే కొన్నాళ్ళకు రక్తస్రావానికి కారణమైన రోగుల ఉదంతాలు వైద్యపత్రికల్లో ఒకటొకటిగా చేరాయి. ఒక మందును నిషేధించడంతో అవసరం నిషేధం కాదనీ, అది పర్యవేక్షణ లేని దారి వెతుక్కుంటుందనీ ఈ ఉదంతం చెబుతుంది. అట్లాగని 1977 నాటి నిర్ణయం తప్పనడానికి వీల్లేదు. 1983లో ఎయిడ్స్ వైరసు, 1989లో హెపటైటిస్ సి వైరసు గుర్తింపబడ్డాయి. అంతకు ముందు తొట్టి రక్తం వాడిన హీమోఫీలియా రోగులు చెల్లించిన మూల్యం ప్రపంచమంతటికీ తెలుసు.

చిక్కుముడి విప్పింది రసాయనశాస్త్రం. ఈ మూడు వైరసులకూ కొవ్వు పొర ఉంటుంది. ద్రావకం, డిటర్జెంటు కలిపితే ఆ పొర కరిగి వైరసు చచ్చిపోతుంది, ప్రోటీన్ మిగులుతుంది. న్యూయార్క్ రక్తకేంద్రంలో హోరోవిట్జ్ బృందం రూపొందించిన ఈ పద్ధతికి 1985లో మొదటి అనుమతి లభించింది. ఐరోపాలో ఆవిరి వేడిమి పద్ధతి వాడుకలోకి వచ్చింది. ద్రావణంగా వేడికి తాళలేని ప్రోటీన్ ఎండు రూపంలో తాళుకుంటుంది. దాతల పరీక్షలూ పదునెక్కాయి. 1998 మే నెలలో వియన్నా జిగురుకు అమెరికా అనుమతి దొరికింది. కొవ్వు పొర లేని పార్వో వంటి వైరసుల విషయంలో జాగ్రత్త నేటికీ అవసరమే. ఆవు థ్రాంబిన్ స్థానంలోకి 2007లో మానవ థ్రాంబిన్, 2008లో జన్యుసాంకేతికతతో తయారైన థ్రాంబిన్ వచ్చాయి.

పోటీదారులు

ఫైబ్రిన్‌కు ఉన్న ప్రధాన బలహీనత బలం తక్కువ కావడమే. అందువల్ల ఇతర ప్రకృతిసిద్ధ పదార్థాల వైపు కూడా పరిశోధకులు చూశారు. వడ్రంగులు తరతరాలుగా వాడిన చర్మపు జిగురులోని జెలటిన్‌నే తీసుకుని, రిసార్సినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో గట్టిపరచి 1960లలో అమెరికాలో ప్రయోగించారు. 1977 నుండి ఫ్రాన్సులో గిల్మే, బాషే చీలిన బృహద్ధమని పొరలను దానితో అతికించి ఎందరి ప్రాణాలో నిలిపారు. అయితే ఫార్మాల్డిహైడ్ చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా దెబ్బతీస్తుందన్న సందేహం దాన్ని వదలలేదు. ఆవు ఆల్బుమిన్‌ను గ్లూటరాల్డిహైడ్‌తో బిగించే మరొక జిగురుకు 2001లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. అది బలమైనది, అదే పాళ్ళలో కటువైనది.

1981లో హెర్బర్ట్ వెయిట్, సముద్రపు అలల తాకిడికి కూడా ఊడకుండా రాళ్ళను పట్టుకునే ఆలిచిప్పల జిగురులో డోపా అనే అమైనో ఆమ్లం ఉందని చూపించాడు. తడిలో అతుకుకు అది ముఖ్యమైన సూత్రంగా తేలి, నేటి పరిశోధనల్లో పెద్ద భాగానికి మూలమైంది. రొయ్యల పెంకుల నుండి తీసే కైటోసాన్‌తో చేసిన కట్టు 2002లో అనుమతి పొంది అమెరికా సైనికుల సంచుల్లోకి చేరింది. కృత్రిమ పదార్థమైన సయనోఅక్రిలేటు చర్మం మీది కోతలకు 1998లోనే అనుమతి పొందింది. అది ఫైబ్రిన్ కన్నా ఎంతో బలమైనది గాని పెళుసు. శరీరం లోపల కరగడం కష్టం. ఇన్నేళ్ళ పోటీలో తేలినది ఒకటే: బలం, సౌమ్యత ఒకే పదార్థంలో కలిసి దొరకడం అరుదు. అందువల్ల ఫైబ్రిన్ తన బలహీనతే గుణమైన చోట స్థిరపడింది. అటువంటి చోట్లలో ముఖ్యమైనది కన్ను.

హైదరాబాదులో ఒక కన్ను

సున్నం కంట్లో పడితే చూపు పోతుందని తెలుగునాట పిల్లలకు పెద్దలు చెప్పే హెచ్చరికకు గట్టి ఆధారం ఉంది. క్షారం కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను చంపుతుంది. పారదర్శకమైన కార్నియా పొరను నిత్యం కొత్తగా నింపేవి ఆ కణాలే. అవి పోయాక కంటిలోని తెల్లపొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అటువంటి కంటికి దాత కార్నియా ఒక్కటే పెట్టినా నిలవదు. 1997లో ఇటలీ శాస్త్రవేత్త పెల్లెగ్రీని బృందం రెండవ కంటి మూలకణాలను ప్రయోగశాలలో పెంచి అతికించే మార్గం చూపింది. ఆ మార్గానికి ఖరీదైన ప్రయోగశాల కావాలి.

గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఆ ప్రయోగశాల పద్ధతిని కూడా పెద్ద ఎత్తున నడిపింది. 2012లో అక్కడి వీరేందర్ సాంగ్వాన్, సాయన్ బసు తదితరులు ప్రయోగశాల అవసరమే లేని పద్ధతిని ప్రకటించారు. బాగున్న కంటి అంచు నుండి పొడవు, వెడల్పు రెండేసి మిల్లీమీటర్లున్న చిన్న ముక్కను తీస్తారు. దాన్ని ఎనిమిది, పది నలుసులుగా కోస్తారు. దెబ్బతిన్న కంటి మీది మచ్చను తొలగించి, ప్రసవాల తరువాత సేకరించి శుద్ధిచేసిన ఉమ్మనీటి పొరను ఫైబ్రిన్ జిగురుతో పరుస్తారు. దాని మీద నలుసులను పేర్చి, మళ్ళీ జిగురుతో నిలుపుతారు. నారు పోసినట్టు ఆ నలుసుల నుండి కణాలు పెరిగి కంటిని కప్పుతాయి. అంత చిన్న నలుసులను సూదితో కుట్టడం అసాధ్యం. జిగురు లేకపోతే ఈ పద్ధతే లేదు. 2016లో ప్రచురించిన 125 మంది ఫలితాల్లో 76 శాతం విజయవంతమయ్యాయి. ఆ రోగుల్లో 60 మంది పిల్లలు.

దక్షిణాదిలోనే మరొక ఉదాహరణ: కంటి లోపలి కటకానికి ఆధారం లేని రోగులకు దానిని ఫైబ్రిన్ జిగురు సాయంతో నిలిపే పద్ధతిని చెన్నైలో అమర్ అగర్వాల్ 2007లో ప్రారంభించాడు. దిగుమతి జిగురు ఖరీదు భారమైన దేశంలో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ స్వదేశీ ఫైబ్రిన్ జిగురు తయారీ పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేసింది.

ఖరీదు సమస్యకు మరొక సమాధానం ఇంకా సరళమైనది. కంటి తెల్లగుడ్డు నుండి నల్లగుడ్డు మీదికి కండ పెరిగే వ్యాధికి చేసే శస్త్రచికిత్సలో, అతికించే పొర కింద రోగి సొంత రక్తాన్నే పలుచగా ఊరనిచ్చి, అది గడ్డకట్టేదాకా కదలకుండా పట్టుకునే పద్ధతిని 2010లో ద విట్, ఆయన సహచరులు ప్రకటించారు. జిగురు కొనలేని రోగులున్న చోట అది త్వరగా వ్యాపించింది. కొన్న జిగురంత పట్టు దానికి లేదు; కొన్నిసార్లు పొర జారిపోతుంది. కాని అందులో పరాయి రక్తం లేదు, తొట్టి లేదు, ధర లేదు.

వంద ఏళ్ళ ఈ చరిత్రలో ఫైబ్రిన్ అణువు మారలేదు. బెర్గెల్ చల్లిన పొడిలోనూ, మాత్రాస్ సిరంజిలోనూ, సాంగ్వాన్ పరచిన పొర కిందా ఉన్నది అదే ప్రోటీన్. మారినదల్లా అది ఒకరి శరీరం నుండి మరొకరి శరీరానికి చేరే దారి. ఆ దారి మీద నమ్మకం ఏర్పడటానికి కామెర్లు పడిన సైనికులు, ప్రసవాలలో బతికి తరువాత జబ్బుపడిన తల్లులు, కలుషిత రక్తంతో ప్రాణాలు కోల్పోయిన హీమోఫీలియా రోగులు మూల్యం చెల్లించారు. ఈరోజు ఒక పిల్లవాడి కంటి మీద పడే రెండు చుక్కల జిగురు అంత నిరపాయంగా ఉన్నదంటే, దాని వెనుక పేరు తెలియని ఎందరో రక్తదాతలతో పాటు వాళ్ళూ ఉన్నారు.